బక్రీదు కత్తులు: చట్టం ఏమంటుంది, ఇంట్లో ఏ జాగ్రత్తలు

బక్రీదు దగ్గర పడితే ఇంట్లో ఛురీలు బయటికి తీస్తాం, సాన పట్టిస్తాం. వీటికి లైసెన్సు కావాలా?

చట్టం: 1959 ఆయుధాల చట్టం ప్రకారం కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి ఆయుధాలు కావు. వంటింటి కత్తి, కత్తిపీట, కొడవలికి లైసెన్సు అక్కర్లేదు. 2016 ఆయుధాల నియమాలు మాత్రం తల్వార్లు, బాకులతో పాటు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి అవసరానికి చేసినవి ఇక్కడా మినహాయింపే. కొలతతో పాటు, దేనికోసం చేసిందన్నదీ చూస్తారు.

బయట: 163 సెక్షన్ (పాత 144) నిషేధాజ్ఞలు ఉన్నప్పుడు కత్తి పట్టుకుని తిరిగితే కేసు కావచ్చు. సానకు తీసుకెళ్తే మందపాటి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టండి, పనయ్యాక నేరుగా ఇంటికి రండి. పిల్లలు కత్తి ఊపుతూ రీల్ తీస్తే ఆ వీడియోనే సాక్ష్యమవుతుంది. విమానంలో చేతి బ్యాగులో కత్తి పెట్టొద్దు.

ఇంట్లో: మొద్దు కత్తికి బలం ఎక్కువ పెడతాం, అందుకే జారుతుంది. చేతికి, పిడికి అంటిన కొవ్వు తుడుస్తూ ఉండండి. కింద పడే కత్తిని పట్టుకోబోవద్దు. నురగ నీళ్ళలో మునిగిన కత్తి కనిపించదు, విడిగా కడగండి. పని ముందు ఎన్ని కత్తులో, తర్వాత అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి, పిల్లలకు అందని చోట తాళం వేయండి.

తెగితే: శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదమండి. కాఫీపొడి, పసుపు పెట్టొద్దు. రక్తం ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, టీటీ ఇంజెక్షన్ అవసరమా అని అడగండి.