అల్లెత్రాటి మ్రోత

సూరతు నగరమునకు దక్షిణపుటంచున, నవసారి పోవు బాటపై, ఉన్ అను ఊరు కలదు. ఆ చుట్టుపట్టుల తిరుగువానికి గుజరాతీ మాటకన్న ముందుగా చెవిని పడునది మరమగ్గముల మ్రోత. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి బ్రతుకుదెరువునకై సూరతు చేరిన మన పద్మశాలీల కుటుంబములకు ఆ మ్రోత క్రొత్తది కాదు. అది ఆగిననాడే వారికి దిగులు. పాతకాలపు మరమగ్గమున ఒక కఱ్ఱ నాడెను బలముగా కొట్టి పడుగు నడుమనుండి అవతలికి విసరును. విసరిన నాడె అవతలి పెట్టెలో ఒక్క పెట్టున ఆగవలెను. ఆ ఆగుటలో, దానిని విసరుటకు వెచ్చించిన బలములో పెద్దపాలు గుడ్డకు దక్కక, చప్పుడై, అదురై, నేలకును గోడకును నేతగాని చెవికిని పంపిణీ అగును. ఈ మగ్గమును చూచినప్పుడెల్ల నాకు విల్లు తలపునకు వచ్చును. నాడెకు మాఱుగా బాణము, కఱ్ఱకు మాఱుగా నారి; మిగిలిన కథ ఒక్కటే.

మన ప్రాచీనులకు మాత్రము వింటిమ్రోత నష్టముగా తోచలేదు. అమరకోశము వింటినారికి చెప్పిన పేళ్ళలో మౌర్వి అనునది మూర్వ అను నారమొక్కనుండి, అనగా మన పల్లెలలో చాగ అని పిలుచు మొక్కనుండి, వచ్చినది. శింజిని అనునదో, మ్రోయునది అను అర్థమున పుట్టినది. ఒక పేరు ఆ త్రాటి పుట్టుకను చెప్పగా వేఱొక పేరు దాని గొంతును చెప్పుచున్నది. ఆ గొంతునకు మరల టంకారము, జ్యాఘోషము, గుణధ్వని, అల్లెమ్రోత అని ఎన్ని బిరుదములో! ఉత్తరగోగ్రహణమున విరాటపుత్రుడు బెదరినది శత్రువుల బాణములకు కాదు, తన రథముమీదనే పుట్టిన అర్జునుని దేవదత్తశంఖపు ధ్వనికిని గాండీవపు మ్రోతకును. మిథిలలో శివధనుస్సు విఱిగినపుడు విశ్వామిత్రుడు, జనకుడు, రాఘవులిద్దఱు తప్ప తక్కిన జనమంతయు ఆ శబ్దమునకు నేలకొఱిగెనని వాల్మీకి చెప్పినాడు. యుద్ధభూమిలో మ్రోత బాణముకన్న ముందుగా పోయి పగవాని గుండెను తాకవలెను. కనుక దానిని అణచుమని ఏ యోధుడు కోరును? నారి తగిలి ముంజేయి కమలకుండుటకు గోధ, తలము అను తోలుకాపుల పేళ్ళు అమరుడు చెప్పినాడు. చేతిని కాచుకొనిరి గాని చెవిని కాచుకొనలేదు.

వేటగాని దారి వేఱు. దశరథుడు కడవలో నీరు బుడబుడలాడు చప్పుడును ఏనుగు నీరు త్రాగు చప్పుడని భ్రమించి, కంటితో చూడక శబ్దమునకే బాణమేసి, తీరని శోకమును కొనితెచ్చుకొన్న సంగతి మనమెల్లరము చదివినదే. వేటగాడు వినగా లేనిది, జింక వినదా? ధ్వని క్షణమునకు సుమారు 340 మీటర్లు పోవును. వెదురు వింటినుండి వెడలిన బాణము అందులో అయిదవ వంతు వేగమునైనను అందుకొనుట కష్టము. అల్లెత్రాడు మ్రోగినంతనే చెవులు రిక్కించిన మృగము ఎగురుటకై కాళ్ళు ముడిచి ఒడలు వంచును, వచ్చిన బాణము వీపు మీదుగా పోవును. నల్లమల చెంచులును, గోదావరి మన్యపు కోయలు, కొండరెడ్లును వింటిని పట్టి అడవిలో తిరిగినవారు. కావ్యములలోని జ్యాఘోషము వారికి ఆకలితో సమానము. ఇదే చిక్కును అమెరికా వేటగాండ్రు నీటికుక్క బొచ్చును, బీవరు బొచ్చును చిన్న కుచ్చులుగా నారికి రెండుచోట్ల కట్టి కొంత తీర్చుకొనిరి. ఆ కుచ్చు త్రాటి కంపమును త్రాగివేయును.

అసలు ఈ కంపమెక్కడిది? వింటిని వంచినపుడు దాని బద్దలలో బలము నిలువయగును; విడిచినపుడు ఆ బలమంతయు బాణమున చేరదు. బాణము నారిని విడిచి పోయిన క్షణమున బద్దలును త్రాడును ఇంకను పరుగులోనే ఉండును, వాని నాపువారు ఎవరును లేరు. ఆ మిగిలిన బలమే మ్రోత. కావుననే బాణము బరువైనకొలది విల్లు మెత్తగా పలుకును, బాణము తేలికైనకొలది కేకవేయును. బాణమే లేక నారిని విడిచినచో బలమంతయు వింటిమీదనే పడి బద్దలు పగులుటయు కలదు. దూదేకులవారి వింటికి మాత్రము ఇదంతయు తలక్రిందు. వారు నారిని కఱ్ఱగుండుతో మీటి, ఆ కంపముతోనే ప్రత్తిని విడదీసి దూదిగా ఏకుదురు. బాణము లేని ఆ వింటికి అదురే పని, మ్రోతయే కూలి. ఒకచోట నష్టమైనది వేఱొకచోట వృత్తి యగుట నాకు ఎప్పుడును ముచ్చట గొలుపును.

ఇక కాంపౌండు విల్లు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు హోలిస్ విల్బర్ అలెన్ అనునతడు 1966లో దీని పేటెంటునకు దరఖాస్తు పెట్టగా, 1969 చివర అది అతనికి లభించినది. బద్దల కొనలకు ఇరుసు తప్పిన చక్రములను తగిలించి, వానిమీదుగా త్రాళ్ళను త్రిప్పుట అతని యుక్తి. పూర్తిగా లాగిన పిమ్మట చేతిమీది భారము చాలవఱకు తగ్గిపోవును. విలుకాడు తొందరలేక గుఱి చూచుకొనవచ్చును. కాని తొలినాళ్ళ కాంపౌండు వింటికి ఉక్కుత్రాళ్ళు ఉండెడివి, చక్రములు తిరిగెడివి, బద్దలు గట్టివి. కదలు భాగములు పెరిగినకొలది చప్పుడునకు ద్వారములును పెరిగినవి. మగ్గమువారు నీటిధార మగ్గమును తెచ్చి నాడెనే తీసివేసిరి. వింటివారికి బాణమును తీసివేయు భాగ్యము లేదు గదా! కావున వారు ఒక్కొక్క అదురును వెదకి పట్టవలసి వచ్చినది.

ఉక్కు పోయి సాగని కృత్రిమ నారలు వచ్చినవి. నారి ముందునకు దూకి ఊగులాడకుండ దానికెదురుగా రబ్బరు మొనగల కడ్డీ నిలిచినది. బద్దలకు రబ్బరు బుడిపెలు అంటినవి. 1960ల తొలినాళ్ళలో ఎర్ల్ హోయిట్ మామూలు విండ్లకు తెచ్చిన స్టెబిలైజరు అను బరువుకడ్డీ దీనికిని చేరి, పిడి మెలిపడకుండ నిలిపి, అదురులో కొంత తాను మోసినది. వీనియన్నిటికన్న నేను మెచ్చుకొనునది బద్దల అమరిక. పూర్వము రెండు బద్దలును ముందునకే విసరుకొనుటచే విలుకాని చేయి ఝల్లుమనెడిది. ఈ శతాబ్దారంభమున ప్రబలిన పద్ధతిలో అవి ఇంచుమించు సమాంతరముగా నుండి, ఒకటి పైకిని ఒకటి క్రిందికిని కదలి, ఒకదాని కుదుపును ఒకటి మ్రింగివేయును. రబ్బరు వచ్చిన అదురును ఆర్పును. ఈ కూర్పు అదురును చాలవఱకు పుట్టనీయదు. పై చక్రమును క్రింది చక్రమును ఒకే క్షణమున ఆగునట్లు త్రాళ్ళను సరిచేసికొననిచో మాత్రము ఎంత రబ్బరు అంటించియు ఫలము లేదు.

పందెపు గుఱి కాగితము. దానికి చెవులు లేవు. అదురు ప్రబలునాటికి బాణము నారిని విడిచియే యుండును గనుక ఆ బాణమునకు దానితో పనియు లేదు. అయినను విలుకాండ్రు అదురునకు వెఱతురు. దినమునకు వందలకొలది బాణములు వేయు మోచేయి దానిని లెక్కపెట్టును, గుఱిచూపు మరలు సడలును. అన్నిటికన్న ముఖ్యముగా, రానున్న కుదుపును ఎదురుచూచు చేయి తరువాతి బాణమునకు ముందే బిగియును. అయిదేండ్లు నిండకముందే కృష్ణానదిని ఈదిన విజయవాడ బిడ్డ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములను గెలిచినది ఈ కాంపౌండు వింటితోనే. ఆ పోటీలకు ఏర్పడిన దూరము 50 మీటర్లు.

ఎప్పుడైనను విలువిద్యా మైదానమునకు పోయినచో, పాఠకులు విలుకాండ్ర వెనుక నిలిచి ఒకమాఱు కన్నులు మూసికొని వినవలెను. మొదట వింటినుండి పొడి చప్పుడొకటి, ముప్పావు క్షణము తరువాత గుఱిదిమ్మెనుండి మఱియొకటి వినవచ్చును. నేటి మంచి వింటితో వేసినపుడు ఆ మొదటి చప్పుడు మునుపటికన్న చిన్నది.