నాలుగొందల టన్నుల అనకొండ

1984 సెప్టెంబరులో బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ మీద 'ఎలీట్' అనే ఆట వచ్చింది. కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు, డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్, రాశారు దాన్ని. ఆ మెషీన్‌లో ఉన్న మెమరీ అంతా కలిపి 32 కిలోబైట్లు. అందులోనే 8 గెలాక్సీలు, ఒక్కోదాన్లో 256 గ్రహాలు ఇరికించారు. ఆటగాడి చేతికి 100 క్రెడిట్లూ, కోబ్రా మార్క్ 3 అనే ఓడా ఇచ్చి, ఇక నీ బతుకు నువ్వు బతుకు అని వదిలేశారు.

సరుకు అమ్మి సంపాదించిన డబ్బుతో మంచి లేజర్ కొనుక్కోవచ్చు, సరుకు గది పెంచుకోవచ్చు, డాకింగ్ కంప్యూటర్ పెట్టుకోవచ్చు. ఇంజన్ మాత్రం మార్చలేం. ట్యాంకు నింపితే 7 కాంతి సంవత్సరాలు. మొదటి రోజూ అంతే, వందో రోజూ అంతే. దారిలో అప్పుడప్పుడు అనకొండ అనే పెద్ద సరుకు ఓడ ఎదురయ్యేది. నల్లటి తెర మీద నాలుగు తెల్లగీతలే గానీ, అదంటే ఒక దర్జా. దాన్ని దోచుకోవచ్చు, దాన్నించి పారిపోవచ్చు. కొనుక్కోవడం మాత్రం కుదరదు.

ఆ అనకొండ ఆటగాడి చేతికొచ్చాక, దానికి ఏ ఇంజన్ పెట్టాలన్న ప్రశ్నకి ఏళ్ళ తరబడి రకరకాల జవాబులు వచ్చాయి. వాటిని వరసగా చూస్తే నాకొకటి అర్థమైంది. ఇంజన్‌ని మెరుగుపరచడం వేరు, ఎంచుకోవడం వేరు. ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడే దాన్ని ఎంచుకోవడం అనగలం.

1993లో వచ్చిన 'ఫ్రాంటియర్: ఎలీట్ 2'లో ఆ తూకం మొదటిసారి కనిపిస్తుంది. బ్రేబెన్ ఈసారి న్యూటన్ సూత్రాలని ఉన్నవున్నట్టు ఆటలోకి తెచ్చాడు. ఓడలు మార్చుకోవచ్చు, హైపర్‌డ్రైవ్ మార్చుకోవచ్చు. కానీ పెద్ద డ్రైవ్ పెడితే దాని బరువు ఓడ మోయగలిగే టన్నుల్లోంచే పోతుంది. దూరం కావాలంటే సరుకు తగ్గించుకోవాలి. మిలిటరీ డ్రైవ్ అని ఇంకోటి ఉండేది. మంచి దూరం ఇస్తుంది గానీ దానికి ప్రత్యేకమైన ఇంధనం కావాలి. పైగా కాలిన ఇంధనం రేడియోధార్మిక వ్యర్థంగా మారి సరుకు గదిలోనే కూర్చుంటుంది. దాన్ని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. వేగానికి చెత్త కూడా ఉంటుందని గుర్తుపెట్టుకున్న ఆటలు నాకు తెలిసి తక్కువ.

2014 డిసెంబరులో 'ఎలీట్ డేంజరస్' వచ్చింది. ఈసారి 40 వేల కోట్ల నక్షత్రాలతో మన పాలపుంత మొత్తాన్నీ పెట్టారు. అనకొండ ధర దాదాపు 14 కోట్ల 70 లక్షల క్రెడిట్లు. కొన్నాక ఇంజన్ల సంగతి. ఇక్కడ ఇంజన్లు రెండు రకాలు. ఉన్న చోట ఓడని కదిపేవి థ్రస్టర్లు. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి గెంతించేది ఫ్రేమ్ షిఫ్ట్ డ్రైవ్. రెండింటికీ సైజుని బట్టి అంకె, నాణ్యతని బట్టి ఏ నుంచి ఈ వరకు అక్షరం ఉంటాయి. ఈ అన్నిటికన్నా చవక, ఏ అన్నిటికన్నా శక్తిమంతం. స్కూల్లో మార్కుల అలవాటున్న ఎవరైనా కళ్ళు మూసుకుని ఏ కొంటారు. అసలు తమాషా డి దగ్గరుంది. అది అన్నిటికన్నా తేలిక.

డ్రైవ్ విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. అనకొండలో పట్టేది 6వ సైజు. ఏ గ్రేడ్ 40 టన్నులు, డి గ్రేడ్ 16 టన్నులు. బరువు ఎక్కువైనా ఏ ఇచ్చే దూరమే ఎక్కువ. థ్రస్టర్ల దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. 7వ సైజు ఏ గ్రేడ్ థ్రస్టర్లు 80 టన్నులు, ధర 5 కోట్ల పైమాటే. అదే చోట 5వ సైజు డి గ్రేడ్ పెడితే 8 టన్నులు. అంటే పదో వంతు. సుదూర యాత్రికులు చాలామంది చేసేది ఇదే. డబ్బులుండి కూడా కొండంత ఓడకి దాని స్థాయికి రెండు సైజులు తక్కువ ఇంజన్ పెడతారు.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. గెంతే దూరం ఓడ మొత్తం బరువుకి విలోమంగా ఉంటుంది. 6ఏ డ్రైవ్‌తో 600 టన్నుల ఓడ ఒక గెంతులో సుమారు 36.6 కాంతి సంవత్సరాలు వెళ్తుంది. థ్రస్టర్ల దగ్గర ఆదా చేసిన 72 టన్నులూ తీసేస్తే 41.6 అవుతుంది. ఐదేగా అనిపిస్తుంది. గెలాక్సీ అవతలి అంచున బీగిల్ పాయింట్ అనే నక్షత్రం ఉంది, సూర్యుడి నుంచి 65 వేల కాంతి సంవత్సరాల దూరంలో. అక్కడికి వెళ్ళేటప్పటికి ఆ ఐదు 200 పైచిలుకు గెంతులవుతుంది. గెంతుకి నిమిషం వేసుకున్నా మూడున్నర గంటలు. 2019లో 'డిస్టెంట్ వరల్డ్స్ 2' అనే యాత్రకి 13 వేలమందికి పైగా ఆటగాళ్ళు పేర్లిచ్చారు. వాళ్ళలో ఎంతమంది ఈ టన్నుల లెక్కల ముందు రాత్రిళ్ళు కూర్చున్నారో ఊహించుకోవచ్చు.

అనకొండకి ఇంకో వింత ఉంది. దాని ఖాళీ ఒళ్ళు 400 టన్నులే. అదే కోవలోని ఫెడరల్ కార్వెట్ 900, ఇంపీరియల్ కట్టర్ 1100. అనకొండ కన్నా బాగా చిన్నదైన పైథాన్ 350. ఇంత పెద్ద ఓడ ఇంత తేలిగ్గా ఎలా ఉందని ఆటగాళ్ళు ఇప్పటికీ జోకులేసుకుంటారు. 1984లో సరుకు మోసే గాడిద లాంటి ఓడ, ముప్పయ్యేళ్ళ తర్వాత గెలాక్సీలో అందరికన్నా దూరం వెళ్ళేదిగా మారింది ఈ ఒక్క అంకె వల్లే.

మరి 8 టన్నుల ఇంజన్‌తో పోయేదేమిటి? 2015 డిసెంబరు నుంచి ఈ ఆటలో గ్రహాల మీద దిగొచ్చు. గురుత్వాకర్షణ ఎక్కువున్న గ్రహం మీద దిగేటప్పుడు బలహీనమైన థ్రస్టర్లు ఓడని ఆపలేవు. నేల దూసుకొస్తుంటే చేతిలో చేసేదేమీ ఉండదు. ఓడ పేలిపోతే ఇన్సూరెన్సుగా ధరలో 5 శాతం కడితే మళ్ళీ అదే ఓడ ఇస్తారు. కానీ అప్పటిదాకా అమ్మకుండా దాచుకున్న అన్వేషణ సమాచారమంతా పోతుంది. కొత్త నక్షత్రానికి మొదట చూసినవాడిగా మన పేరు పడేది ఆ సమాచారాన్ని తిరిగొచ్చి అమ్మినప్పుడే. నెలల తరబడి ఎవరూ చూడని చోట్లు చూసి, ఒక్క దిగుడులో తప్పితే, ఆ చోట్లన్నీ మళ్ళీ ఎవరూ చూడనివైపోతాయి. ఇంజన్ తేలిక చేసుకున్నందుకు తాకట్టు పెట్టింది ఇదీ.

2016 మేలో 'ది ఇంజనీర్స్' వచ్చింది. డెసియాట్‌లో ఫెలిసిటీ ఫార్‌సీర్ అనే పాత్ర దగ్గరికి ఆర్సెనిక్, ఇంకా నానా రకాల సరంజామా పట్టుకెళ్తే డ్రైవ్‌ని సానపడుతుంది. కాకపోతే పాచికలాట. ఒకసారి దూరం బాగా పెరిగి, ఇంకేదో చెడుతుంది. ఇంకోసారి తెచ్చిన సరుకంతా బూడిదలో పోసినట్టే. అదృష్టం కొద్దీ పడిన డ్రైవ్‌ని జనం కళ్ళకద్దుకుని దాచుకున్నారు. విసుగెత్తినవాళ్ళు గొడవ చేశారు. 2018 ఫిబ్రవరిలో పాచికలు తీసేశారు. ఇప్పుడు ప్రతి ప్రయత్నం మెరుగే చేస్తుంది, వెనక్కి పోదు. ఐదో స్థాయి పూర్తి చేస్తే డ్రైవ్ మోయగల బరువు 55 శాతం పెరుగుతుంది, అందరికీ అంతే. అదే ఏడాది వచ్చిన గార్డియన్ బూస్టర్ ఇంకో పదిన్నర కాంతి సంవత్సరాలు కలిపింది.

న్యాయంగా చూస్తే ఇదే మేలు. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నేనూ పాచికల కన్నా నిశ్చయాన్నే కోరుకుంటాను. కానీ ఏం జరిగిందో చూడండి. యాత్రికులందరి డ్రైవూ ఒకటైపోయింది. ఆటగాళ్ళే రాసుకున్న కొరియోలిస్ లాంటి పనిముట్టు తెరిచి అంకెలు కొడితే సరైన జవాబు వచ్చేస్తుంది. డ్రైవ్ వరకు మళ్ళీ 1984కి వచ్చాం. దూరం పెరిగింది, ఎంచుకునేది లేదు.

ఎంపిక మిగిలింది థ్రస్టర్ల దగ్గరే. అక్కడ ఏ పనిముట్టూ జవాబు చెప్పదు. ఎందుకంటే అది అడిగేది ఓడ గురించి కాదు, మన గురించి. నువ్వు దిగుతావా, దాటిపోతావా? దూరం నుంచి చూసి పేరు రాయించుకుంటే చాలా, ఆ బరువైన నేల మీద కాలు పెట్టాలా?

2024లో సూపర్‌క్రూజ్ ఓవర్‌చార్జ్ అనే కొత్త డ్రైవ్ వచ్చింది. ఒక నక్షత్రవ్యవస్థ లోపల దూరాలని నిమిషాల్లోంచి సెకన్లలోకి తెచ్చింది. దానికి తగ్గట్టు కట్టిన కొత్త ఓడల్లో హాయిగా పనిచేస్తుంది. అనకొండ లాంటి పాత ఓడలో మాత్రం ఓడంతా ఊగిపోతుంది, వేడెక్కుతుంది, ఇంధనం తాగేస్తుంది. ఇది లోపమని తిట్టేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఫ్రాంటియర్‌లో సరుకు గదిలో పేరుకున్న ఆ చెత్త గుర్తొచ్చి, పాత లెక్క మళ్ళీ మొదలైంది కదా అనిపించింది.