తరగతి గది వెలుపలి తత్త్వబోధ: యాన్ పతోచ్కా దృగ్విషయ మీమాంస

ఇరవయ్యో శతాబ్దపు యూరోపియన్ తత్త్వశాస్త్ర చరిత్రలలో యాన్ పతోచ్కా (1907–1977) పేరు సాధారణంగా రెండు చోట్ల కనిపిస్తుంది. ఎడ్మండ్ హుసెర్ల్ చివరి శిష్యులలో ఒకడిగా ఒకచోట, చెకోస్లోవాకియాలో మానవహక్కుల కోసం వెలువడిన చార్టర్ 77 ప్రతినిధిగా మరొకచోట. ఈ రెండింటి మధ్య ఉన్న నలభయ్యేళ్ల బోధనను పట్టించుకోకపోవడం వల్ల, జీవితమంతా గ్రంథాల మధ్య గడిపిన ఒక పండితుడు వార్ధక్యంలో అనుకోకుండా రాజకీయాలలోకి వచ్చాడన్న అభిప్రాయం స్థిరపడింది. ఆయన ఏం బోధించాడు, ఎక్కడ బోధించాడు అన్న ప్రశ్నలను కలిపి పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

హుసెర్ల్ ప్రతిపాదించిన ఫెనామెనాలజీని తెలుగులో దృగ్విషయ మీమాంస అనవచ్చు. వస్తువు ఉన్నదా లేదా అన్న నిర్ణయాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టి, అది చైతన్యానికి ఏ రీతిలో గోచరిస్తున్నదో వర్ణించడం ఈ పద్ధతికి మూలం. దృక్కు, దృశ్యం అన్న మాటలు వినగానే మన పాఠకులకు అద్వైతం స్ఫురించడం సహజమే. అయితే హుసెర్ల్ నిర్ణయాన్ని నిలిపివేశాడే కాని ప్రపంచాన్ని మిథ్య అనలేదు. ఈ తేడాను విస్మరించి చేసే పోలికలు రెండు దర్శనాలకూ అన్యాయం చేస్తాయి.

పతోచ్కా 1929లో పారిస్‌లో విద్యార్థిగా ఉండగా హుసెర్ల్ సోర్బాన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు విన్నాడు. 1933లో ఫ్రైబుర్గ్ చేరి హుసెర్ల్, ఆయన సహాయకుడు ఒయిగెన్ ఫింక్‌ల వద్ద అధ్యయనం చేశాడు. యూదు వంశంలో పుట్టిన హుసెర్ల్‌ను నాజీ ప్రభుత్వం విశ్వవిద్యాలయానికి దూరం చేసిన కాలం అది. 1934 క్రిస్మస్‌కు హుసెర్ల్ తన శిష్యుడికి ఒక చిన్న పఠనపీఠాన్ని కానుకగా ఇచ్చాడు. దానిని లైప్‌జిగ్‌లో చదువుకునే రోజులలో హుసెర్ల్‌కు ఇచ్చినవాడు తోమాష్ మసారిక్. మొరావియాలో జన్మించిన ఆ ఇద్దరిలో ఒకడు తత్త్వవేత్త, మరొకడు చెకోస్లోవాకియా తొలి అధ్యక్షుడు అయ్యారు. మరుసటి సంవత్సరం నవంబరులో ప్రాగ్ తాత్త్విక మండలి ఆహ్వానంపై హుసెర్ల్ అక్కడ ఉపన్యసించాడు. ఆ ఏర్పాట్లలో పతోచ్కా పాత్ర ముఖ్యమైనది. యూరోపియన్ విజ్ఞానశాస్త్రాల సంక్షోభం గురించిన హుసెర్ల్ చివరి గ్రంథానికి అంతకు ముందు వియన్నాలో చేసిన ప్రసంగంతో పాటు ఈ ఉపన్యాసాలు కూడా ఆధారం. జర్మనీలో ప్రచురించే వీలు లేక, అందులోని తొలి భాగాలు బెల్‌గ్రేడ్ నుంచి వెలువడే పత్రికలో వచ్చాయి. తరగతి గది మూసుకుపోయినప్పుడు తత్త్వం మరోచోటు వెతుక్కోవడమంటే ఏమిటో పతోచ్కా మొదట తన గురువు విషయంలోనే చూశాడు.

1936లో అధ్యాపకార్హత కోసం ఆయన సమర్పించిన గ్రంథం విషయం ‘సహజ ప్రపంచం’. భౌతికశాస్త్రం వర్ణించే లోకమొకటి, మనం పుట్టి పెరిగి పనిచేసే లోకం మరొకటి. ఈ చీలికలో మనిషి తనకు తానే పరాయివాడవుతున్నాడన్నది ఆయన ఆరంభ ప్రశ్న. దానికి ఆయన అప్పట్లో ఇచ్చిన సమాధానం చాలావరకు హుసెర్ల్‌దే.

1939 నవంబరులో జర్మన్ ఆక్రమణదారులు చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేశారు. 1945లో చార్లెస్ విశ్వవిద్యాలయంలో బోధన తిరిగి ప్రారంభించిన పతోచ్కాను, 1948లో కమ్యూనిస్టులు అధికారానికి వచ్చిన కొద్దికాలానికే మళ్లీ తొలగించారు. తరువాతి సంవత్సరాలలో ఆయన పదిహేడో శతాబ్దపు విద్యావేత్త కొమీనియస్ రచనలపై పనిచేశాడు. దీనిని నిర్బంధంలో చేసిన కాలక్షేపంగా కొట్టివేయరాదు. విద్య అంటే మనిషిని పనికి సిద్ధం చేయడమా, మనిషి ముఖాన్ని మరోవైపు తిప్పడమా అన్న ఆలోచన ఆయన తరువాతి రచనలలో బలపడింది.

1968లో ఆచార్య పదవి లభించింది. 1968–69లో చెప్పిన పాఠాలు, విద్యార్థులు రాసుకున్న ప్రతుల ఆధారంగా ‘శరీరం, సమాజం, భాష, ప్రపంచం’ అన్న గ్రంథంగా రూపొందాయి. గురువుతో ఆయన విభేదం ఇందులో స్పష్టం. హుసెర్ల్ దృగ్విషయాన్ని చివరికి విశుద్ధ చైతన్యంలో నిలిపాడు. పతోచ్కా దృష్టిలో చూసేవాడు ముందుగా శరీరం గలవాడు, కదిలేవాడు, ఇతరుల మధ్య ఉన్నవాడు. మానవ అస్తిత్వాన్ని ఆయన మూడు చలనాలుగా వివరించాడు. ఇతరులు మనలను స్వీకరించగా ఈ లోకంలో వేరూనడం మొదటిది. శ్రమతో, పోరాటంతో జీవితాన్ని నిలుపుకోవడం రెండవది. ఈ రెండింటి పరిమితిని ఎరిగి, జీవితం మొత్తాన్ని ప్రశ్నకు నిలపడం మూడవది. మూడవ చలనం లేకుండా కూడా సమాజం నడుస్తుంది, కాని దానికి చరిత్ర ఉండదన్నది ఆయన తరువాత చేసిన సాహసోపేతమైన ప్రతిపాదన. చరిత్రను గ్రీకు నగర రాజ్యంతో మొదలుపెట్టే ఈ వాదంలో యూరప్ వెలుపలి నాగరికతలకు చోటు తక్కువ. భారతీయ పాఠకులు దీనిని ప్రశ్నించకుండా వదలరాదు.

1972లో ఆయనను విశ్రాంత జీవితంలోకి నెట్టారు. 1973లో ఒక ఇంట్లో కొద్దిమంది ముందు ప్లేటో గురించి చెప్పిన పాఠాలను శిష్యులు టేపుపై నిలిపి, ‘ప్లేటో, యూరప్’ పేరుతో టైపు ప్రతులుగా తెచ్చారు. ఈ పాఠాలకు కేంద్రం ‘ఆత్మ పట్ల శ్రద్ధ’ అన్న భావన. ఇక్కడ ఆత్మ అంటే నిత్యమైన పదార్థం కాదు, సత్యాసత్యాల ముందు నిలబడగల శక్తి. అటువంటి శక్తిని సోక్రటీసు బహిరంగ స్థలంలో పరీక్షించాడు, పతోచ్కా తలుపులు మూసిన గదిలో పరీక్షించవలసి వచ్చింది. వినేవారు డిగ్రీ కోసం రాలేదు. వచ్చినందుకు ఉన్న ఉద్యోగం పోవచ్చునని వారికి తెలుసు. శ్రద్ధ గురించిన పాఠాన్ని వినడమే శ్రద్ధకు పరీక్ష అయిన ఈ పరిస్థితిని విడిచి ఆ గ్రంథాన్ని చదివితే, అది ప్లేటోపై మరొక వ్యాఖ్యానంగా మాత్రమే మిగులుతుంది.

1975 నాటి ‘చరిత్ర తత్త్వంపై ధర్మవిరుద్ధ వ్యాసాలు’ కూడా అదే టైపు ప్రతుల మార్గంలో వెలువడింది. చివరి వ్యాసంలో మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలలో సైనికుల అనుభవాన్ని విశ్లేషిస్తూ ఆయన ‘కంపితుల సంఘీభావం’ అన్న భావనను ప్రవేశపెట్టాడు. స్థిరమనుకున్న అర్థాలన్నీ కూలిన అనుభవం గలవారి మధ్య, సిద్ధాంతమేదీ లేకుండానే ఏర్పడే ఐక్యత అది. రెండేళ్ల తరువాత చార్టర్ 77 కింద కమ్యూనిస్టులు, క్రైస్తవులు, రచయితలు ఒకేచోట సంతకాలు చేయడాన్ని దీని వెలుగులో చూడవచ్చు.

1977 జనవరిలో పతోచ్కా, వాత్స్లావ్ హావెల్, యిర్జీ హాయెక్ చార్టర్ ప్రతినిధులుగా నిలిచారు. విచారణ కోసం వేచి ఉన్నప్పుడు తమ మధ్య మానవ అమరత్వమనే భావన గురించి సంభాషణ సాగిందని హావెల్ తరువాత రాశాడు. పోలీసుల గది కూడా ఆయనకు పాఠశాలే అయింది. మార్చి ఆరంభంలో సుదీర్ఘ విచారణ తరువాత ఆసుపత్రిలో చేరిన పతోచ్కా, 13వ తేదీన మెదడులో రక్తస్రావంతో మరణించాడు. ప్రాగ్‌లోని బ్ర్షెవ్‌నోవ్ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరుగుతుండగా పైన ఎగిరిన హెలికాప్టర్ రొదలో ప్రార్థన వినిపించలేదు.

శిష్యులు ఆయన రాతప్రతులను కాపాడి, 27 సంపుటాల టైపు ప్రతులుగా సమకూర్చారు. 1990లో ప్రాగ్‌లో పతోచ్కా భాండాగారం ఏర్పడిన తరువాత సమగ్ర రచనల ప్రచురణ సాగింది. ఆచార్యుడు స్వయంగా రాసిన వాక్యం, టేపు నుంచి దింపిన వాక్యం, విద్యార్థి నోటుపుస్తకంలోని వాక్యం ఈ సంపుటాలలో పక్కపక్కనే ఉన్నాయి. వాటికి సమాన ప్రామాణ్యం ఇవ్వాలా అన్నది పరిష్కర్తల సమస్య. ఆశువుగా వెలువడి శ్రోతల జ్ఞాపకంలో నిలిచి, తరువాత తాటాకులకెక్కిన పాఠాలను పరిష్కరించే తెలుగు పరిశోధకులకు ఇది పరిచయమైన చిక్కే.