వరాహము ఎత్తిన పిడికెడు మన్ను



నిత్యపూజకు కూర్చున్న గృహస్థుడు ఆచమనం చేసి, ప్రాణాయామం చేసి, సంకల్పం చెప్పుకుంటాడు. చేయబోయేది చిన్న పూజ. ఒక కొబ్బరికాయ, నాలుగు పువ్వులు. అయినా ఆ సంకల్పంలో బ్రహ్మదేవుని ద్వితీయ పరార్ధం వస్తుంది, శ్వేతవరాహ కల్పం వస్తుంది, వైవస్వత మన్వంతరం వస్తుంది, కలియుగ ప్రథమ పాదం వస్తుంది. ఆ తరువాతనే మనం ఉన్న చోటు, ఆనాటి తిథి వార నక్షత్రాలు, చిట్టచివర మన గోత్రము, పేరు. ఇంత చిన్న పనికి సృష్ట్యాది నుండి లెక్క ఎందుకని మమ్ము అడిగినవారు పలువురు ఉన్నారు. దానికి సమాధానం చెప్పబోతే, అసలు సృష్టికథలు ఎక్కడ పుట్టినవి, మనుష్యులు వాటిని ఎందుకు చెప్పుకుంటారు అనే పెద్ద ప్రశ్నలోనికి పోక తప్పదు. శ్వేతవరాహ కల్పం అన్నాము గనుక, ఆ వరాహము వెంటనే పోదాము.

వరాహావతారం అనగానే మనకు హిరణ్యాక్షుడు గుర్తుకు వస్తాడు. భాగవతం తృతీయ స్కంధంలో బ్రహ్మదేవుని నాసికారంధ్రం నుండి బొటనవ్రేలంత వరాహము వెలువడి, చూచుచుండగానే ఏనుగంతై, కొండంతై, జలాలలో దూకి భూమిని ఉద్ధరించిన కథను పోతనామాత్యుని తెలుగులోను మనవారు తరతరాలుగా వింటున్నారు. అది పురాణరూపం. వేదంలో ఈ కథకు అంతకన్న పాత రూపం ఉన్నది. అక్కడ రాక్షసుడు లేడు, యుద్ధము లేదు. వరాహరూపం ధరించినవాడు ప్రజాపతి. ఆంధ్రదేశంలో ఎక్కువగా అధ్యయనంలో ఉన్న కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖలోనే, బ్రాహ్మణభాగం ప్రథమాష్టకంలో, అగ్న్యాధాన ప్రకరణంలో అది కలదు.

ఏ ప్రకరణంలో ఉన్నది అనేది ఇక్కడ ముఖ్యం. గృహస్థుడు శ్రౌతాగ్నులను మొట్టమొదటిసారి ప్రతిష్ఠించుకునే కర్మ అగ్న్యాధానం. అగ్నిని నిలిపే చోట వట్టి నేల చాలదు. అక్కడ సంభారాలు పరచాలి. ఇసుక, చవుటిమన్ను, ఎలుక తవ్విపోసిన మన్ను, పుట్టమన్ను, అడవిపంది పెల్లగించిన మన్ను, గులకరాళ్లు, బంగారం మొదలైనవి. ఈ మన్నులే ఎందుకు? చవుటిమన్ను గురించి బ్రాహ్మణం చెప్పే మాట వినండి. ద్యావాపృథివులు ఒకప్పుడు కలిసి ఉండినవి. విడిపోవునప్పుడు తమలోని యజ్ఞయోగ్యమైన సారాన్ని ఒకదానికొకటి ఇచ్చుకున్నవి. ఆకాశం ఇచ్చినది భూమిమీద చవుడైనది. భూమి ఇచ్చినది చంద్రునిలో నల్లని మచ్చగా నిలిచినది. ఎలుకమన్ను ఎందుకనగా, అగ్ని దేవతలకు కనబడక ఎలుక రూపంతో భూమిలో దూరినాడట.

అడవిపంది మన్ను దగ్గర మన కథ వస్తుంది. మొదట అంతా నీరే. ఇది ఎట్లు రూపొందునా అని ప్రజాపతి శ్రమపడినాడు. నిలిచియున్న తామరాకు ఒకటి ఆయనకు కనబడినది. ఈ ఆకు నిలువవలెనంటే దిగువ ఆధారం ఏదో ఉండాలి గదా అని ఊహించినాడు. వరాహమై దాని ప్రక్కనే మునిగినాడు. అడుగున మట్టి తగిలినది. కొంత పెల్లగించుకొని పైకి వచ్చి ఆ తామరాకు మీదనే పరచినాడు. పరచబడినది గనుక పృథివి. ‘అయినది’ గనుక భూమి. గాలి దానిని దిక్కుల వెంట కొనిపోవుచుండగా గులకరాళ్లతో దృఢపరచినాడు. గులకరాళ్లు సంభారాలలో చేరడానికి కారణం అదే.

మమ్ము ఎప్పుడూ ఆకర్షించేది ఆ తామరాకు. ఇక్కడ ప్రజాపతి సర్వజ్ఞుని వలె కనబడడు. పొగను చూచి నిప్పును ఊహించే తార్కికుని వలె ఆకును చూచి అడుగును ఊహించినాడు. తరువాత నీటిలో దిగి తడిసినాడు. సృష్టి ఆజ్ఞతో కాలేదు, శ్రమతో అయినది.

ఇట్టి భాగాలను మీమాంసకులు అర్థవాదాలన్నారు. అర్థవాదానికి విధివాక్యంతో ఏకవాక్యత, అనగా చేయవలసిన పనితో కలిసినప్పుడే దానికి నిండు అర్థం అని జైమిని సిద్ధాంతం. ఈనాటి చరిత్రకారులలో కొందరు కర్మ ముందు, కథ తరువాత అంటారు. మరికొందరు కథ ముందని అంటారు. ఏది ముందో తేల్చుట కంటె, రెండూ ఒకే చేతిలో ఉన్నవని గమనించుట మేలని మా అభిప్రాయం. యజమాని పిడికిట మన్ను పట్టుకొని క్రొత్తగా ఒక జీవితాన్ని ప్రారంభిస్తున్నాడు. ఆ మన్ను మొదటి మన్నుతో సమానమని కథ అతనికి చెబుతున్నది. అతడు నిలబడిన గజం నేల ఆ క్షణంలో తామరాకు మీద పరచిన భూమి అవుతున్నది.

ఇది ఒక్కచోట తటస్థించినది కాదు. శతపథ బ్రాహ్మణంలో ప్రవర్గ్య ప్రకరణం చూడండి. అక్కడ మహావీరమనే మట్టిపాత్రను చేయాలి. దానికి తెచ్చే మట్టిలో అడవిపంది పెల్లగించినది కూడా ఉన్నది. అప్పుడు చెప్పబడుతుంది: ఈ భూమి మొదట జానెడే ఉండినది, ఏమూషమనే వరాహము దానిని ఎత్తినది అని. చేయబోయే పాత్ర ఎత్తు ఎంత? జానెడే! అదే బ్రాహ్మణం మరొకచోట హిరణ్మయాండం ఒక సంవత్సరం నీటిపై తేలినదనీ, దానినుండి పుట్టిన ప్రజాపతి మరొక సంవత్సరానికి మాట పలికినాడనీ చెప్పి, అందుకే శిశువు ఏడాదికి మాటలాడ యత్నిస్తాడని అంటుంది. తల్లి గర్భం, పసివాని తొలిమాట, కుమ్మరి చేతి ముద్ద: ఋషులు సృష్టిని ఇంటి వాకిట చూచినారు.

మనకు మాత్రమే ఈ కథ ఉన్నదనుకోరాదు. సంథాలు గిరిజనుల కథలోను మొదట నీరే. అక్కడ మన్ను పైకి తెచ్చినది వానపాము, మోసినది తాబేలు. ఉత్తర అమెరికాలోని ఇరోక్వా జాతులు నీటిలో మునిగి మట్టి తెచ్చిన జంతువును గూర్చి, ఆ మట్టిని వీపున మోసిన తాబేలును గూర్చి చెప్పుకున్నారు. సైబీరియాలోను ఇటువంటి కథలు కలవు. అతిప్రాచీన కాలంలో ఆసియా నుండి అమెరికాకు నడచిపోయిన మనుష్యులతో పాటు కథ కూడ నడిచినదని కొందరు పండితులు తలచుచున్నారు. అన్నియు మన వేదం నుండి పోయినవే అని సభలలో చెప్పేవారు ఉన్నారు. ఆ వానపాము ఏ పాఠశాలలో చదివినదో వారే చెప్పాలి!

నీటినుండి నేల లేచుట కంటితో చూచినవారికి ఇది వింత కథ కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75 అడుగులు దాటిన వరద మన పెద్దలకు జ్ఞాపకమే. నీరు తీసిన తరువాత లంక రైతు తన పొలం హద్దు ఎక్కడ ఉన్నదని ఒండ్రులో వెదకుకొంటాడు. నైలునది ఏటేటా పొంగే ఈజిప్టులోను, మొదటి నేల నీటినుండి దిబ్బగా పైకి లేచినదనే కథ పుట్టినది. ఆ దిబ్బ మా గుడి ఉన్న చోటనే అని ఒక్కొక్క గుడివారు చెప్పుకున్నారు. క్షేత్రమాహాత్మ్యాలు చదివిన మనకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

బాబిలోను సంగతి మరింత దగ్గర. నీనెవేలో అషూర్బనిపాలు రాజు గ్రంథాలయ శిథిలాలలో దొరికిన మట్టిపలకలను చదివి జార్జి స్మిత్ అనే పండితుడు 1876లో వారి సృష్టికావ్యాన్ని లోకానికి తెలిపినాడు. ఏడు పలకల కావ్యం అది. అందులోను మొదట ఉన్నవి జలాలే, తీపినీరు, ఉప్పునీరు కలిసి. వసంతకాలంలో సంవత్సరారంభ ఉత్సవం జరుగుచుండగా, నాలుగవనాడు ప్రధాన పురోహితుడు దేవుని ఎదుట ఆ కావ్యాన్ని చదివేవాడు. బ్రహ్మ చైత్ర శుద్ధ పాడ్యమినాడు సృష్టిని ఆరంభించినాడని మన సంప్రదాయం. ఆనాడే మనం పంచాంగ శ్రవణం చేస్తాము. ఒకరిని చూచి ఒకరు నేర్చినారని మేము అనము. ఏడాది పాతబడి, అరిగి, తప్పులతో నిండినప్పుడు, మరల మొదటినుండి ఆరంభించుకోవలెననే ఆర్తి ఇద్దరికీ ఉన్నది.

రాజులకూ ఈ కథ కావలసి వచ్చినది. బాబిలోను కావ్యం తుదకు మర్దూకు దేవుని పట్టాభిషేకమే. అస్సీరియా వారు కొన్ని ప్రతులలో ఆ పేరు తీసి తమ అషూరు దేవుని పేరు పెట్టుకున్నారు. మన దేశంలో గుప్తుల కాలంలో విదిశ దగ్గర ఉదయగిరి గుహలో మహావరాహమూర్తిని చెక్కినారు. బాదామి చాళుక్యులు, వేంగి చాళుక్యులు, కాకతీయులు, విజయనగర రాజులు వరాహలాంఛనం ధరించినారు. మునిగిన భూమిని ఎత్తినవాడు విష్ణువు, అట్టివాడే మా రాజు అని దాని తాత్పర్యం. మన తాతలు లెక్కపెట్టిన ‘వరహా’ నాణెం పేరు ఆ వరాహానిదే. జానెడు మన్నుతో పుట్టిన కథ బంగారు నాణెం మీదికి ఎక్కుటలో లాభమెంతో నష్టమూ అంతే. గృహస్థుని కథ ప్రభువు ముద్ర అయినది.

ఇక ఒక అప్రియమైన మాట. బ్రహ్మకు పగలు 432 కోట్ల సంవత్సరాలు. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని నేటి శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ఈ రెండు సంఖ్యలు దగ్గరగా ఉన్నవని, చూడండి మన ఋషులు ముందే చెప్పినారని ఉపన్యాసాలు ఇస్తున్నారు. 432 కోట్లు అనేది కల్పం మొత్తం ప్రమాణం. శ్వేతవరాహ కల్పంలో గడచినది మన పంచాంగాల ప్రకారమే సుమారు 197 కోట్లు. పంచాంగం విప్పి చూడనివారికి మాత్రమే ఈ పోలిక సంతోషం కలిగిస్తుంది. చదువుకున్న యువకుడు ఆ లెక్క తానే వేసుకున్న నాడు, తనను మోసగించినారని తలచి సంధ్యావందనం కూడ విడిచిపెడతాడు. అట్లు విడిచినవారిని మేము చూచినాము. అగ్న్యాధానంలో మన్ను పరచేవానికి భూమి వయస్సు చెప్పుటకు వచ్చిన కథ కాదది. దానిని తెచ్చి సంఖ్యల పందెంలో నిలబెట్టినవారే దానిని ఓడించుచున్నారు.

మన పూర్వాచార్యులకు ఈ బెంగ లేదు. తైత్తిరీయంలో ఆత్మనుండి మొదట ఆకాశం పుట్టినది, తరువాత వాయువు, అగ్ని, జలం, పృథివి. ఛాందోగ్యంలో సత్తునుండి మొదట పుట్టినది తేజస్సు. రెండూ శ్రుతులే. క్రమం కుదరదు. బ్రహ్మసూత్రాలలో దీనిపై చర్చ ఉన్నది. సృష్టిక్రమాలు భిన్నమైనా కారణమైన బ్రహ్మము విషయంలో భేదం లేదని, సృష్టి ప్రపంచాన్ని వివరించుటలో శ్రుతికి తాత్పర్యం లేదని శంకరభగవత్పాదులు భాష్యంలో స్పష్టంగా చెప్పినారు. వారి పరమగురువులైన గౌడపాదులు మట్టి, లోహం, నిప్పురవ్వలు వంటి దృష్టాంతాలతో చెప్పిన సృష్టి అంతా బోధకు ఉపాయమే అన్నారు. అట్లని కథను పారవేయమన్నారా? అనలేదు. ఉపాయం విడిచి గమ్యం చేరినవాడు ఎవడు?

ఋగ్వేదం దశమ మండలంలో నాసదీయ సూక్తమని ఏడు ఋక్కులు కలవు. అప్పుడు అసత్తు లేదు, సత్తు లేదు అని ఆరంభించి, ఈ సృష్టి ఎక్కడినుండి వచ్చినదో పరమాకాశంలోనున్న అధ్యక్షునకు తెలిసి ఉండవచ్చును, ఒకవేళ తెలియకనూ పోవచ్చును అనే భావంతో ముగుస్తుంది. విజయనగర సామ్రాజ్యకాలంలో, 14వ శతాబ్దిలో, సాయణాచార్యులు దీనికి భాష్యం వ్రాసినారు. సాయణభాష్యంతో ఋగ్వేదాన్ని మాక్స్ మ్యూలరు 1849 నుండి 1874 వరకు అచ్చు వేయించినాడు. 1890-92లో దాని రెండవ ముద్రణకు ధనసహాయం చేసినవారు మన విజయనగరం మహారాజావారు. సృష్టికర్తకు సైతం తెలియదేమో అన్న ఋక్కుకు ఒక ఆస్తిక ప్రభువు వ్యయం భరించుట మా మనస్సుకు ఎంతో ఇష్టమైన విషయం.

ఆ నాసదీయమే మన తైత్తిరీయ బ్రాహ్మణంలోను పఠింపబడినది. వరాహము కథ ప్రథమాష్టకంలో ఉన్నది, ఈ సందేహం ద్వితీయాష్టకంలో ఉన్నది. వరుసగా సంథ చెప్పుకునే బాలుడు తామరాకు మీద మన్ను పరచుటను ముందుగా కంఠస్థం చేసి, చాలా పనసలు వల్లించిన తరువాతనే ఆ ప్రశ్న దగ్గరకు వస్తాడు. రెండింటికీ స్వరం తప్పరాదని గురువు ఒక్క తీరుగానే నేర్పుతాడు.