ఆట, ప్రోగ్రాము, చట్టం: విశాఖ స్వతంత్ర డెవలపర్ల హక్కుల చారిత్రక నేపథ్యం

వ్యాససంగ్రహం

వీడియో గేములు, మొబైల్ యాప్‌లు సొంతంగా తయారుచేసే డెవలపర్లకు వర్తించే చట్టాలు ఒకేసారి పుట్టినవి కావు. కొన్ని ఆస్తిహక్కు చరిత్రలో భాగాలు, కొన్ని జూద నియంత్రణ చరిత్రలో భాగాలు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కక్షిదారుగా ఉన్న రెండు సుప్రీంకోర్టు తీర్పులు (1967, 2004) ఈ రెండు చరిత్రల్లోనూ దేశమంతటికీ ఆధారమయ్యాయి. వాటిని కేంద్రంగా చేసుకొని, విశాఖపట్టణంలో పనిచేసే స్వతంత్ర డెవలపరు చట్టపరమైన స్థితి ఎలా రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విశాఖపట్టణం, కాపీరైట్, సాఫ్ట్‌వేర్, నైపుణ్య క్రీడ, జూదం, ఆన్‌లైన్ గేమింగ్, వ్యక్తిగత సమాచారం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్టణపు ఆధునిక చరిత్రను 1933లో ప్రారంభమైన ఓడరేవుతోనూ, 1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమంతోనూ ముడిపెట్టి చెప్పడం పరిపాటి. రేవులోని సరుకు, కర్మాగారంలోని ఉక్కు కంటికి కనబడే ఆస్తులు. వాటి తూకం, రవాణా, యాజమాన్యం కాగితాల మీద స్పష్టంగా ఉంటాయి. రుషికొండ, మధురవాడ కొండల మీద సాఫ్ట్‌వేర్ సంస్థలు వెలసిన తరవాత నగరంలో మరోరకం ఆస్తి పుట్టింది. దానికి తూకం లేదు, గోదాము అక్కరలేదు. అది ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు మాత్రం చట్టంలోనే వెతకాలి.

పెద్ద సంస్థలకు న్యాయవిభాగాలు ఉంటాయి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి గేము తయారుచేసే చోట ఆ వసతి ఉండదు. నగరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయకళాశాల ఉంది. సబ్బవరంలో 2008లో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అయినా ఇంజనీరింగ్ తరగతికీ న్యాయశాస్త్ర తరగతికీ మధ్య దూరం తగ్గలేదు. అందువల్ల ఈ చట్టాలు ఏ క్రమంలో వచ్చాయో తెలుసుకోవడం చరిత్ర విద్యార్థికే కాక డెవలపరుకూ అవసరమే.

2. ప్రోగ్రాము సాహిత్యకృతి అయిన క్రమం

1957 నాటి కాపీరైట్ చట్టం 1958 జనవరిలో అమలుకు వచ్చినప్పుడు అందులో కంప్యూటరు ప్రోగ్రాము ప్రస్తావన లేదు. 1984 సవరణ ప్రోగ్రామును ‘సాహిత్యకృతి’ నిర్వచనంలో చేర్చింది. 1995 మే నెలలో అమలైన 1994 సవరణ ప్రోగ్రాముకు ప్రత్యేక నిర్వచనాన్ని, హక్కులను, దొంగ ప్రతిని తెలిసి వాడేవారికి శిక్షను సమకూర్చింది. కావ్యానికీ కోడుకూ ఒకే చట్టం వర్తించడం చిత్రంగా తోచవచ్చు. కానీ రెండూ రాతలే. రాసిన క్షణం నుంచే రెండింటికీ రక్షణ కలుగుతుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి ఉపకరిస్తుందే తప్ప హక్కు పుట్టుకకు షరతు కాదు.

పేటెంటు దారి ఇంత సులువుగా సాగలేదు. 2002 సవరణ ద్వారా పేటెంట్ల చట్టంలో చేరిన 3(కె) ఉపవిభాగం, కంప్యూటరు ప్రోగ్రామును కేవలం ప్రోగ్రాముగా ఆవిష్కరణ కాదన్నది. 2004 డిసెంబరు ఆర్డినెన్సు ఈ నిషేధాన్ని సడలించబోయింది. 2005లో పార్లమెంటు ఆ సడలింపును తిరస్కరించి పాత మాటనే నిలబెట్టింది. ఫలితంగా చిన్న డెవలపరుకు ప్రధాన రక్షణ కాపీరైటే అయింది.

ఇక్కడ 17, 19 విభాగాలు కీలకమైనవి. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడుకు, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానే తొలి హక్కుదారు. బయటి వ్యక్తిగా పని చేసిపెట్టినవారి విషయంలో సాధారణంగా రాసినవారే తొలి హక్కుదారు. పైకం చెల్లించినంత మాత్రాన హక్కు చేతులు మారదు. బదలాయింపు లిఖితపూర్వకంగా ఉండి, సంతకం కలిగి ఉండాలి. అందులో కాలపరిమితి చెప్పకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే పరిమితంగా భావించాలి.

గాజువాకలో నలుగురు మిత్రులు కలిసి ఒక గేము తయారుచేశారనుకుందాం. ఒకరు కోడు రాశారు, ఒకరు బొమ్మలు గీశారు, ఒకరు సంగీతం కూర్చారు, ఒకరు కథ అల్లారు. ఎవరి భాగం ఎవరిదో విడదీసి చెప్పగలిగినప్పుడు అది చట్టదృష్టిలో ఉమ్మడి రచన కాదు. కోడు ఒకరిది, బొమ్మ మరొకరిది. లిఖిత ఒప్పందం లేకుండా ఒకరు విడిపోతే మిగిలిన ముగ్గురూ ఆ గేమును అమ్ముకోవడమే వివాదాస్పదమవుతుంది. పైగా లాభాలు పంచుకుంటూ కలిసి వ్యాపారం చేస్తుంటే, 1932 నాటి భాగస్వామ్య చట్టం వారిని భాగస్వాములుగా చూసే అవకాశం ఉంది. అప్పుడు ఒకరు వ్యాపారం కోసం చేసిన అప్పుకు నలుగురి సొంత ఆస్తులూ పూచీపడతాయి. 2008 నాటి పరిమిత బాధ్యతా భాగస్వామ్య చట్టం ఈ ప్రమాదానికి ఒక విరుగుడు.

3. సరుకుగా మారిన ప్రోగ్రాము: 2004 తీర్పు

ప్రోగ్రాము సాహిత్యకృతి అయితే, దాని ప్రతిని అమ్మడం సరుకును అమ్మడమేనా? ఈ ప్రశ్న టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ మధ్య వ్యాజ్యంగా పెరిగింది. ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం, 1957 కింద రాష్ట్రం పన్ను కోరింది. సాఫ్ట్‌వేర్ స్పర్శకు అందని మేధోసంపద కాబట్టి సరుకు కాదని సంస్థ వాదించింది. 2004 నవంబరు 5న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రం పక్షాన తీర్పిచ్చింది. బుద్ధిలో పుట్టిన రచన ఒక మాధ్యమం మీదికి చేరి, విపణిలో అమ్మకానికి వచ్చినప్పుడు సరుకే అవుతుందన్నది దాని సారాంశం. పుస్తకాన్ని కొన్నవాడికి గ్రంథకర్త హక్కు రానట్లే, ప్రోగ్రాము ప్రతిని కొన్నవాడికి కాపీరైటు రాదు. ప్రతి వేరు, హక్కు వేరు అన్న ఈ భేదమే నేటి లైసెన్సు ఒప్పందాలన్నిటికీ పునాది.

ఆ తీర్పు దుకాణాల్లో దొరికే బ్రాండెడ్ సాఫ్ట్‌వేర్ గురించినది. ఒక ఖాతాదారు కోసం ప్రత్యేకంగా రాసిన ప్రోగ్రాము సంగతిని అది తేల్చలేదు. 2017లో వస్తు సేవల పన్ను వచ్చాక సాఫ్ట్‌వేర్ రూపకల్పన, అభివృద్ధి సేవల కిందికి చేరాయి. పాత ప్రశ్నకు పదును తగ్గినా, ప్రతికీ హక్కుకూ ఉన్న భేదం చెక్కుచెదరలేదు.

4. ఆట నియమాలకు యజమాని ఉన్నాడా?

భావానికి కాపీరైటు ఉండదని, దాని వ్యక్తీకరణకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నాటకం, సినిమాల మధ్య వివాదంలో చెప్పిన ఈ సూత్రం ఆటలకూ వర్తించింది. కోల్‌కతాకు చెందిన అగర్వాలా సోదరులు ఫేస్‌బుక్‌లో నడిపిన ‘స్క్రాబులస్’ అనే పదాల ఆట మీద మాటెల్ సంస్థ దావా వేసింది. 2008 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు రెండు వైపులా పదునైనది. బోర్డు అమరిక, ఆట నియమాల మీద మాటెల్ కోరిన కాపీరైటు రక్షణను అది అంగీకరించలేదు. పేరు విషయంలో మాత్రం ట్రేడ్‌మార్కు ఉల్లంఘన కనబడుతున్నదని ఆ పేరు వాడకాన్ని నిలిపివేసింది.

తెలుగు నేల మీద తరతరాలుగా ఆడుతున్న అష్టాచెమ్మా, వామనగుంటలు, పులీమేకా ఆటలను యాప్‌లుగా మలిచేవారికి ఈ ఉత్తర్వు ఒక ముఖ్యమైన పాఠం చెబుతుంది. ఆ ఆటల నియమాలు అందరివీ. ఒకరు గీసిన పులి బొమ్మ, రాసిన కోడు, పెట్టిన పేరు మాత్రం వారివి.

5. పేకాట నుంచి యాప్ దాకా

ఆటల నియంత్రణ చరిత్ర ఇంకా పాతది. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న విశాఖకు 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం వర్తించేది. నిజాం రాజ్యంలో ఫసలీ 1305 నాటి హైదరాబాదు జూద చట్టం అమలులో ఉండేది. రెండూ కేవల నైపుణ్యంతో కూడిన ఆటలను మినహాయించాయి.

1963 మే నెలలో సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడిచేసి, రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. మేజిస్ట్రేటు విధించిన శిక్షను హైకోర్టు కొట్టివేయగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ’ కేసులో న్యాయస్థానం ప్రభుత్వ అప్పీలును తిరస్కరించింది. మూడు ముక్కలాట వంటిది కాదు రమ్మీ అనీ, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో నిర్ణయించడం నైపుణ్యమేననీ పేర్కొంది. క్లబ్బు నడిపేవారు పందెం సొమ్ము నుంచి లాభం తీస్తే పరిస్థితి మారవచ్చని కూడా హెచ్చరించింది. తరవాతి కాలంలో ఆన్‌లైన్ పరిశ్రమ ఈ తీర్పులోని మొదటి మాటను విస్తృతంగా ఉదాహరించింది. రెండో మాట మీద అంత దృష్టి పెట్టలేదు.

1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. నైపుణ్య మినహాయింపు అందులోనూ కొనసాగింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలను సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ఆ మినహాయింపు లేకుండా చేశాయి. దీనితో విశాఖలోని డెవలపరుకు విచిత్రమైన స్థితి ఏర్పడింది. పొరుగున ఉన్న తమిళనాడు చేసిన ఇటువంటి నిషేధాన్ని 2021లో మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. ఒకే యాప్ ఒక రాష్ట్రంలో వ్యాపారం, మరో రాష్ట్రంలో నేరం. తన ఊరివారిని ఆడనివ్వకుండా అడ్డుకునే ఏర్పాటును ఆ ఊళ్లోనే కూర్చొని రాయవలసి వచ్చింది.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం ఈ గీతను దేశమంతటికీ ఒకటిగా గీసింది. గెలిస్తే ధనలాభం వస్తుందన్న ఆశతో రుసుమో పందెమో కట్టి ఆడే ఆటను, నైపుణ్యమా అదృష్టమా అన్న విచారణ లేకుండానే నిషేధించింది. అటువంటి ఆటను అందించినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఈ-క్రీడలను, పందెం లేని సామాజిక ఆటలను వేరు చేసి, చందా లేదా ప్రవేశ రుసుము తీసుకునే సామాజిక ఆటలకు చోటిచ్చింది. ఈ చట్టపు రాజ్యాంగబద్ధతను ప్రశ్నించే పిటిషన్లు సుప్రీంకోర్టు ముందుకు వెళ్లాయి.

6. వయస్సు, సమ్మతి, భాష

1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం మైనరు ఒప్పందానికి అర్హుడు కాడు. అటువంటి ఒప్పందం మొదటినుంచే చెల్లదని 1903లో మొహొరీబీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండని విద్యార్థి గేము తయారుచేయగలడు గానీ, ప్రచురణ ఒప్పందంతో తనను తాను కట్టివేసుకోలేడు. ఆడేవారి వయస్సుకూ అంతే ప్రాధాన్యం ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపువారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి. వారిని వెంబడించి గమనించడం, వారికే గురిపెట్టిన ప్రకటనలు చూపడం కూడదు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలుకు వస్తాయి. ఉచిత గేముల్లో చాలావాటికి ప్రకటనలే రాబడి కాబట్టి, ఈ నిబంధన చిన్న డెవలపరు ఆదాయాన్నే తాకుతుంది.

7. ముగింపు

1967లో న్యాయస్థానం అడిగిన ప్రశ్న ‘గెలిపించేది నైపుణ్యమా, అదృష్టమా?’ అన్నది. 2025 నాటికి అది ‘డబ్బు పందెం ఉన్నదా, లేదా?’ అన్న ప్రశ్నగా మారింది. ఆస్తిహక్కు వైపు అటువంటి తెగతెంపు జరగలేదు. రాసినవాడి హక్కు, ప్రతికీ హక్కుకూ భేదం, లిఖిత బదలాయింపు అనే సూత్రాలు మాధ్యమాలు మారినా నిలిచాయి. కనుక ఆస్తి విషయంలో డెవలపరు పాత తీర్పుల మీద ఆధారపడవచ్చు. ఆట స్వభావం విషయంలో మాత్రం పాత తీర్పు అండ చాలదు.

ఈ తీర్పులు తెలుగు నేల వివాదాల నుంచే పుట్టినా, వాటి చర్చ దాదాపు ఇంగ్లీషులోనే సాగింది. 2023 చట్టం సమ్మతి కోరే ప్రకటనను ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు వినియోగదారుకు కల్పించాలంటుంది. అంటే విశాఖలో తయారైన యాప్ తన షరతులను తెలుగులో చెప్పగలిగి ఉండాలి. బదలాయింపు, అనుమతి, సమ్మతి వంటి మాటలకు నిలకడైన తెలుగు అర్థాలను స్థిరపరిచే పని న్యాయశాస్త్ర, భాషాశాస్త్ర శాఖలు కలిసి చేయవలసినది. ఆ పని జరగనంతకాలం తాము దేనికి ఒప్పుకుంటున్నారో తెలియకుండానే తెలుగు వినియోగదారులు సమ్మతి తెలుపుతూ ఉంటారు.