ధాత కరువులో ఆడకూలి కొలత

మైదుకూరు పల్లెల్లో మట్టిపని చూసినవాళ్లకు దాని తీరు తెలుసు. మగవాడు గడ్డపారతో తవ్వి, పారతో గంపకెత్తుతాడు. ఆడమనిషి ఆ గంప నెత్తిన పెట్టుకుని కట్టమీదికి మోస్తుంది. తవ్వడం బరువు పని, మొయ్యడం తేలిక పని అని కూలి లెక్క. ఈ లెక్క శరీరాల్లోంచే పుట్టిందా? తేల్చుకోవాలంటే 1876-78 నాటి ధాత కరువు దాకా వెళ్లాలి.

కర్నూలు-కడప కాలువ వచ్చి అప్పటికి కొన్నేళ్లే. కాలువ ఉండీ ఈ రెండు జిల్లాలూ ఆ కరువులో ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించడమే ధ్యేయంగా, కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్ది చిల్లర చాలన్నాడు. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీనికి ఒప్పుకోలేదు. ఒళ్లొంచి పనిచేసే మనిషికి 680 గ్రాముల ధాన్యం, పప్పు, కూరగాయలు ఉండాలని పోరాడాడు. మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంత పెంచక తప్పలేదు.

సగటున మగవాడి శరీరం పెద్దది. చేతులు, భుజాల బలంలో స్త్రీ పురుషుల మధ్య తేడా ఎక్కువ, కాళ్ల బలంలో అంత లేదు. చిన్న శరీరానికి తిండి కొంత తక్కువే పడుతుంది. అభ్యుదయవాదులం గనక వీటిని కాదనాల్సిన పనేమీ లేదు. కాని టెంపుల్ శరీరాలను తూచలేదు. బక్కవాడైనా దిట్టమైనవాడైనా మగవాడికి మగవాడి కొలతే. బాలింత సంగతి చూడండి. బిడ్డకు పాలివ్వడానికే రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా కావాలి. ఆడదానికి తక్కువ చాలుననే సూత్రం అక్కడే తలకిందులవుతుంది.

ఇంకొక తేడా ఉంది, దాన్ని ఏ కూలి పట్టీలోనూ ఎక్కించలేదు. ఆ కరువులో ఆడవాళ్లకన్నా మగవాళ్ల చావులే ఎక్కువగా పెరిగాయని జనాభా చరిత్రకారులు తేల్చారు. ఆకలిని ఓర్చుకోవడంలో స్త్రీ శరీరానిది పైచెయ్యి. గడ్డపార ఎత్తడం బలమైతే ఇది బలం కాదా? (ఓర్చుకుంటుంది గనక తక్కువ పెట్టొచ్చు అనే పెద్దమనుషులూ లేకపోలేదు!) కరువు కథ రాసేటప్పుడు ఏడ్చే తల్లిని చూపిస్తాం, ఆమె నెత్తిమీది గంప బరువెంతో రాయం.

సమాన వేతన చట్టం 1976లో గాని రాలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పనుల్లో ఆడరేటు, మగరేటు అని వేరువేరుగా పెట్టలేదు. గోతిని కొలిచి, జట్టు మొత్తానికి కూలి కట్టారు. తవ్వినవాడూ మోసినామె ఆ కొలతలో ఒకటే.