బడి భోజనములో పిల్లల మాట

విస్తరి ముందర కూర్చున్న బిడ్డను “ఏమి కావలెను?” అని అడుగుట గుంటూరు, ఒంగోలు సీమలలో ఏ తల్లికైనను అలవాటే. బడిలో మాత్రము ఆ ప్రశ్న ఇంకను క్రొత్తది.

పూర్వము పొరుగూరికి చదువ వచ్చిన పేద బాలురకు వారాలే దిక్కు. సోమవారము ఒక ఇల్లు, మంగళవారము మరియొక ఇల్లు. పెట్టినదే పరమాన్నము, ఉప్పు చాలలేదని అనుటకు నోరు రాదు. అదియైనను ఎక్కువగా బ్రాహ్మణ బాలురకే దక్కిన ఆదరువు. కూలివాని బిడ్డకు ఆ అరుగు సైతము దూరమే. ఈ సంగతి దాచి వారాల ఔదార్యమును మాత్రమే పొగడుట మాకు సమ్మతము కాదు. టంగుటూరి ప్రకాశముగారి తండ్రి చిన్ననాటనే గతింపగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి కుమారుని చదివించిరి. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైన వాని చదువు ఆ పొయ్యి మీదనే సాగినది.

బడియే అన్నము పెట్టవలెనను తలంపు 1920లో, మనము మద్రాసు రాజధానిలో నున్న కాలముననే, మద్రాసు కార్పొరేషనులో రూపు దాల్చెను. పిట్టి త్యాగరాయ చెట్టిగారి అధ్యక్షతన, థౌజండ్ లైట్స్ పాఠశాలలో తలకొక అణాకు మించకుండ ఫలహారము పెట్టుటకు తీర్మానించిరి. అణా లెక్కలో ఇష్టాయిష్టములకు చోటెక్కడిది? 1995 ఆగస్టు 15న దేశమంతటికి పథకము వచ్చినప్పుడు సైతము పలుచోట్ల అన్నము గాక, నెలకు 3 కిలోల గింజలే అందినవి. వండి వడ్డింపుడని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించిన పిమ్మట, 2003లో మన బడులలో పొయ్యి వెలిగెను.

అమెరికాలో సమస్య వేరు. అక్కడ పళ్లెములలో మిగిలి పారవేయబడు పదార్థములను చూచి 1975లో చట్టమును సవరించిరి. ఉన్నత పాఠశాల విద్యార్థి తాను తినదలచనిదానిని తీసికొననక్కరలేదు. ఐదింటిలో మూడు తీసికొనిన చాలునని నాటి నియమము.

మన రాష్ట్రములో 2020 జనవరినుండి ఒకనాడు పులిహోర, మరునాడు కూరగాయల అన్నము, వానితో గ్రుడ్డు, చిక్కీ వచ్చినవి. 2025లో రాష్ట్రమును నాలుగు భాగములుగ జేసి, ప్రాంతపు రుచినిబట్టి పట్టికలు వేసిరి. గుంటూరు, ప్రకాశము, నెల్లూరు ప్రాంతములు ఒక భాగమున చేరినవి. మేలే. కాని ప్రాంతపు రుచి వేరు, బిడ్డ రుచి వేరు. మిరపకు పేరుపడిన నేలపై పుట్టినంత మాత్రమున ఆరేండ్ల పిల్ల కారము ఓర్చునా? తల్లి తెల్లవారుజామున పత్తితీతకో, మిరపకోతకో పోయిన ఇంట ఆ పిల్లకు బడి అన్నమే నిండు భోజనము. కారమని విడిచినచో ఆ పూట పస్తే.

కర్ణాటకములో గ్రుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇచ్చు ఏర్పాటు చేసిరి. రెండేసి కూరలు వండుట మన బడి వంటమనుషులకు భారమే; ఒప్పుకొందుము. పప్పు చప్పగా వండి కారము ప్రక్కన నుంచుట భారము కాదు. ఎంత కావలెనో పిల్లనడిగి వడ్డించుటకు అణా ఖర్చు లేదు.